రోడ్డు మీది ఉలవ కళ్ళం

మా అనంతపురం జిల్లాలో నడివయసు మగవాడు సైకిలు తొక్కుతూ కనిపిస్తే జనానికి రెండే అనుమానాలు. పెట్రోలు అయిపోయిందనో, బతుకు చెడిపోయిందనో. నాకు నలభై తొమ్మిదేళ్ళు. కారుంది, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగముంది. అయినా హెల్మెట్ పెట్టుకుని రోడ్డెక్కిన ప్రతి ఆదివారం ఎవడో ఒకడు మోటారు సైకిలు పక్కకు తెచ్చి, "ఏమన్నా, యాడికి పోవల్ల? ఎక్కు, దింపుతా" అంటాడు. వద్దప్పా, సరదాకి తొక్కుతున్నానంటే నమ్మడు. పాపం మొహమాటపడుతున్నాడని జాలిపడి పోతాడు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ రోజు మాత్రం సరదా కాదు. సైకిలు క్లబ్బువాళ్ళు పెట్టే పరీక్ష. రెండు వందల కిలోమీటర్లు, పదమూడున్నర గంటల్లో. ఉదయం ఆరింటికి అనంతపురంలో బయల్దేరి ఉరవకొండ, కణేకల్లు, రాయదుర్గం, కళ్యాణదుర్గం చుట్టుకుని రాత్రి ఏడున్నరలోపు మళ్ళీ అనంతపురం చేరాలి. ఒక్క నిమిషం దాటినా తొక్కినట్టు కాదు. అంతకుముందు రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ మధ్యలో చతికిలపడ్డాను. ఇక ఇదే ఆఖరు, ఎందుకంటే వచ్చే నెలలో నా కుడి మోకాలికి ఆపరేషను. ఆ తర్వాత ఇంత దూరం తొక్కే మాట మరిచిపొమ్మని డాక్టరు ముందే చెప్పేశాడు. "అదేదో ఇప్పుడే మర్సిపోతే ఏం పోతాది?" అంది మా ఆవిడ. ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఉరవకొండ దాకా గాలి వీపున ఉంది. కణేకల్లు దగ్గర కాలువ కింది పొలాలు పచ్చగా కనిపించి కాసేపు మనసు తేలికపడింది. రాయదుర్గంలో నేను వచ్చినట్టు క్లబ్బు చీటీ మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర ఉన్న టీ అంగడి పక్కనే జీన్స్ ప్యాంట్లు కుట్టే చోటు. అందులోంచి ఒకాయన మెడలో టేపుతో బయటికొచ్చి, ఒంటికి అతుక్కున్న నా సైకిలు నిక్కరును రెండు వేళ్ళతో పట్టి సాగదీసి చూశాడు.

"ఎవురన్నా దీన్ని కుట్టింది? గుడ్డ చాల్లేదా?"

అంగడి ముందున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వినట్టు పళ్ళు బయటపెట్టి, టీ సగంలో వదిలేసి బయల్దేరాను.

తూర్పుకు తిరిగాక అసలు నరకం మొదలైంది. బంగాళాఖాతంలో వాయుగుండమట. దాని గాలంతా నా ఒక్కడి మొహం మీదికే వచ్చినట్టుంది. కొండల మీద గాలిమరలు హాయిగా తిరుగుతున్నాయి. నేను మాత్రం దిగుడులో కూడా తొక్కితేనే ముందుకు కదులుతున్నాను. మోకాలు సలుపు. అరటిపండు మింగుడు పడదు. గాలిని తిట్టాను, డాక్టరును తిట్టాను, ఈ పిచ్చి నాకు అంటించిన కుర్ర లెక్చరరును తిట్టాను. కళ్ళెంట నీళ్ళు కారుతున్నాయి. గాలికేలే అనుకున్నాను గానీ, గాలికి కాదు.

కళ్యాణదుర్గం దాటాక ఒక పాత ఊరు వస్తుంది. ఊరి నడుమ రాతి బురుజు, రోడ్డు పక్కన సగం భూమిలో కూరుకుపోయిన వీరగల్లులు. కత్తి పట్టుకుని గుర్రమెక్కిన ఆ రాతి మనుషుల దగ్గర మామూలుగా అరగంట కూర్చుంటాను. ఆ రోజు తల కూడా తిప్పలేదు. నాలుగుంపావు అయింది. ఇంకా యాభై కిలోమీటర్లున్నాయి. ఇలాగే తొక్కితే ఏడుకల్లా చేరిపోతాననుకున్నాను.

ఊరు దాటగానే రోడ్డు కనిపించలేదు. తారు మీద ఈ చివర నుంచి ఆ చివరకు, వంద గజాల పొడుగున ఉలవ కట్టె పరిచి ఉంది. పీకి ఎండబెట్టిన ఉలవ చెట్లను మా వైపు ఇలాగే రోడ్డు మీద వేస్తారు. లారీలూ బస్సులూ తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. రోడ్డే కళ్ళం. పక్కన సందు వదిలితే బండ్లు తప్పించుకుని పోతాయని ఆ కాస్తలోనూ రాళ్ళు పెట్టి, తుమ్మకంప పడేస్తారు. నా సన్నటి టైరుకు కంప కన్నా కట్టె మేలనుకుని ఉలవల మీదికే పోనిచ్చాను. ఇరవై గజాలు పోయానో లేదో, తీగలు చైనుకు చుట్టుకుని వెనక పళ్ళచక్రంలోకి దూరి బిగుసుకుపోయాయి. సైకిలు నిలువునా ఆగింది, నేను పక్కకు పడ్డాను.

రోడ్డు వారన ఒక అవ్వ, ఆమె కోడలు కూర్చుని ఉన్నారు. లేచీ లేవకముందే అరిచాను.

"ఇది రోడ్డా, మీ ఇంటి కళ్ళమా? మనుషులు పోవాలా వద్దా?"

అవ్వ ఏమీ జంకలేదు. "పొమ్మనే కదప్పా పరిచింది. పొద్దన్నుంచి రెండు లారీలు పోయినాయి, అంతే. నువ్వు వస్తాంటే ఇంగొకటి వచ్చెనని చూస్తి. నీ సైకిలుకు బరువే లేదు, ఒక్క కాయన్నా పగల్లేదు" అంది.

కడుపు మండింది. అయినా ఏం చేయను? సైకిలు బోర్లా తిప్పి తీగలు లాగబోయాను. వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు చిక్కడం లేదు. అవ్వ చూసి చూసి, "ఉండు, నువ్వు లాగేకొద్దీ బిగుస్తాది" అంటూ కొడవలి తెచ్చి పక్కన కూలబడింది. ఒక్కో తీగనూ కొడవలి మొనతో తెంపి, గోళ్ళతో బయటికి లాగడం మొదలుపెట్టింది. చేతులంతా నల్లటి గ్రీజు.

"అత్తా, మోడం చూడు. ఎత్తుకుందాం రా" అంది కోడలు. తూర్పున ఆకాశం బూడిద రంగుకు తిరిగింది.

"ఉండమ్మే. ఆయప్ప దోవలో పడిపోయినాడు కదా" అంది అవ్వ. తల ఎత్తలేదు.

అరగంట పట్టింది. ఆ అరగంటా కోడలు ఒక్కతే కట్టెను కుప్పకు తోస్తూ ఉంది. చివరి తీగ బయటికొచ్చి చక్రం తిరిగేసరికి మొదటి చినుకులు పడ్డాయి. లావు చినుకులు. టైం చూశాను. పావు తక్కువ ఐదు.

అవ్వ గింజల వైపు పరిగెత్తింది. అంతలో పాలక్యాన్లతో వస్తున్న ఒకతను మోటారు సైకిలు ఆపి, ఎవరూ పిలవకుండానే దిగాడు. వెనకే కూలికి పోయి వస్తున్న ఆడవాళ్ళ ఆటో ఆగింది. వాళ్ళూ దిగారు. నాకు తెలియనిదా ఇది? కళ్ళం మీద చినుకు పడితే దారిన పోయేవాడు ఎవడైనా సరే ఆగి ఒక చెయ్యి వేసి పోతాడు. చిన్నప్పుడు మా నాయనతో బస్సులో పోతుంటే డ్రైవరు బస్సాపి, అందరినీ దింపి శెనక్కాయ కుప్పలు కప్పించాడు. నేనూ టార్పాలిన్ పట్టకు ఒక మూల పట్టుకున్నాను. ఆరేళ్ళవాణ్ణి.

గాలికి ఉలవల మీద కప్పే పట్ట నిలవడం లేదు. మూడు మూలలు ముగ్గురు పట్టుకున్నారు. నాలుగోది తెరచాపలా ఎగిరి కొట్టుకుంటోంది. ఆటో నడిపేవాడు నన్ను చూసి కేకేశాడు. "అన్నా, ఆ మూల పట్టుకో! తొక్కిపెట్టు!"

"నాకు టైం లేదప్పా" అన్నాను.

అన్నాను, సైకిలెక్కాను. అంతమంది ఉన్నారు, నేనొక్కణ్ణి లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. వెనక్కి చూడలేదు. మోకాలు అరుస్తూనే ఉంది, వాన మొహాన కొడుతూనే ఉంది. దారిలో ఒక అంగడి దగ్గర కుర్రాళ్ళు వానలో ఎగురుతున్నారు. మా జిల్లాలో వానను తిట్టేవాడెవడూ ఉండడు. నేను తిడుతూ తొక్కాను.

ఏడూ ఇరవై నాలుగుకు అనంతపురం చేరాను. మెడలో పతకం వేశారు, చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. పదేళ్ళుగా కలగన్న పని. ఇంటికొచ్చి వేడినీళ్ళు పోసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. నొప్పుల వల్లేనని మా ఆవిడ అనుకుంది, నేనూ అదే చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయానని ఎలా చెప్పను?

పది రోజులు చూశాను. ఆపరేషనుకు ముందు ఇక ఆగలేక ఒక మంచి టార్పాలిన్ పట్ట కొని, బస్సెక్కి ఆ ఊళ్ళో దిగాను. తిట్టించుకోవాలని పోయాను. నాలుగు తిట్లు తింటే కాస్త ఊపిరాడుతుందనుకున్నాను.

అవ్వ వాకిట్లో మొలకలొచ్చిన ఉలవలను గొర్రెలకు చాటతో పోస్తోంది. సైకిలూ హెల్మెట్టూ లేకపోయినా గుర్తుపట్టింది.

"సగం తడిసిపోయెనప్పా. ఆ మూల నుంచి నీళ్ళు దిగినాయి. పోనీ, జీవాలన్నా తింటాండాయి" అంది మామూలుగా. పట్ట చేతికిస్తే ఎందుకని అడిగింది. ఊరికే తెచ్చానన్నాను. తీసుకుని పక్కన పెట్టి, నా మొహంలోకి చూస్తూ గొంతు తగ్గించింది.

"ఇంట్లో ఎట్లుండారప్పా ఇప్పుడు?"

"ఎవరవ్వా?"

"ఎవురో నాకేం తెలుసు? వానొస్తాంటే కళ్ళం కాడ నిలబడకుండా పోతివే, ఎవురికో ప్రాణం మీదికొచ్చిందని అందరం అనుకొంటిమి. లేకుంటే అట్లెవురన్నా పోతారా?"

  "బాగున్నారవ్వా" అన్నాను.

అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "సామీ, బతికిస్తివి! నా కట్టెలో తగులుకొని నీకు ఆలస్యమాయె కదా అని అప్పుట్నుంచి ఒకటే బాధపడతాంటి" అంది.