అయస్కాంతం అంటుకున్న కారు

పోయిన నెల మా అబ్బాయి ఇక్కడే భిలాయిలో, సుపేలాలోని ఒక దుకాణం నుంచి పాత కారు కొనుక్కొచ్చాడు. కొనేముందు వాడు పడిన హైరానా చూసి తీరాలి. రోజుల తరబడి ఫోను చేతిలో పట్టుకుని, ఇది ఎన్ని చేతులు మారింది, మీటరు వెనక్కి తిప్పారా, వరదలో మునిగిందా, టైర్లు ఒక పక్కే ఎందుకు అరిగాయి, పొద్దున్నే చల్లబడి ఉన్న ఇంజను మొదటి సెల్ఫుకే అందుకుంటుందా, వెనక పొగ నీలంగా వస్తోందా నల్లగా వస్తోందా అని, ఊరూ పేరూ తెలియని వాళ్ళందరినీ అడిగేవాడు; వాళ్ళూ అంతే ఓపిగ్గా జవాబులు చెప్పేవారు. చివరికి దుకాణంవాడు చేతిలో ఇమిడే ఒక యంత్రాన్ని బండి ఒళ్ళంతా ఆనించి, ఏ రేకు మీద ఎంత మందాన రంగుందో అంకెల్లో చూపించాడట. నా వయసువాళ్ళకి ఇదంతా విడ్డూరంగానే ఉంటుంది. మన కాలంలో ఒక పెద్దమనిషి వచ్చి బాగుందంటే బాగున్నట్టు, బాగులేదంటే లేనట్టు.

బండి నెహ్రూ నగర్లోని మా ఇంటి ముందు ఆగింది. నేను కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే, మా చెల్లి చేతికర్ర ఊతంగా మెల్లిగా బయటికొచ్చింది. కారు చుట్టూ ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"అక్కా, ఫ్రిజ్ మీద చుంబక్ ఉంది గదా, ఓపాలి అట్టుకురా."

ఇక్కడ అయస్కాంతాన్ని మేమంతా హిందీలో చుంబక్ అనే అంటాం. పిన్ని ఏదో సరదాకి అడుగుతోందనుకుని మా అబ్బాయి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, చేతిలో నిమ్మకాయ అలాగే ఉండిపోయింది. ఎందుకో చెప్పాలంటే, మేము సెక్టర్ 2 క్వార్టర్లో ఉన్న రోజులకి వెళ్ళాలి.

మా నాన్నని విజయనగరం వైపు పల్లె నుంచి భిలాయి తీసుకొచ్చి, ఉక్కు ప్లాంటులో ఉద్యోగం వేయించింది మా పెదనాన్న. ఆ ఒక్క మాట చెబితే చాలు, మీలో చాలామందికి మిగిలినదంతా అర్థమైపోతుంది. పెదనాన్న రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్, మా నాన్న బొగ్గు కాల్చే కోక్ ఒవెన్లలో కార్మికుడు. పెదనాన్న వీధి మలుపులో కనిపిస్తే నాన్న కూర్చున్న కుర్చీలోంచి తనకి తెలియకుండానే లేచేవాడు. మా ఇంట్లో మంచం కొన్నా, సైకిలు కొన్నా, చివరికి ఇడ్లీ పాత్ర కొన్నా పెదనాన్న వచ్చి వేలితో కొట్టి చూడాల్సిందే. ఇది ఆయన ఒక్కడి జబ్బని చెప్పలేను. భిలాయిలో మా వాళ్ళందరికీ ఆ గర్వం ఉండేది. దేశానికి ఉక్కు పోసేది మేము, ఇనుము సంగతి ఇంకొకరు మాకు చెప్పడమేమిటని. అందుకే మా సెక్టర్లో ఎవరు పాత బండి బేరం చేసినా ముందు చూసేది రేకు. పుచ్చకాయ బేరం చేసినట్టు తలుపు మీద తట్టి, చెవి పెట్టి వినేవారు. ఇంజను గురించి అడగడం నామోషీ, అది మెకానిక్కుల పని.

మా చెల్లికి పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. తొడ నుంచి పాదం దాకా ఇనుప పట్టీలు, కింద బరువైన బూటు. నడిచి వస్తుంటే ఆ చప్పుడుకి వీధి చివర వాళ్ళు కూడా ఎవరో పోల్చుకునేవారు. చదువులో మాత్రం దాని ముందు ఎవరూ నిలిచేవారు కారు, లెక్కలంటే ప్రాణం. దుర్గ్ కాలేజీలో బీయస్సీ సీటొచ్చింది. కానీ అంతకు ముందు ఏడాదే సుపేలాలో బస్సు ఎక్కబోతూ జనం తోపిడికి కిందపడి, ఆ చచ్చుబడ్డ కాలే విరగ్గొట్టుకుంది. ఇంక బస్సులూ, కిక్కిరిసిన ఆటోలూ వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కారుంటే కాలేజీ, లేకపోతే ఇల్లు, అంతే సంగతి. నాకు అప్పుడే బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది, ఆ జీతం ధైర్యంతోనే కారు మాట ఎత్తాం. నాన్న ఎప్పుడూ మొదటి షిఫ్టుకి పోయేవాడు; సాహెబుని బతిమాలుకుని రెండో షిఫ్టుకి మార్పించుకుని, పొద్దున్న తనే దింపుతానన్నాడు.

మా పక్క వీధిలో ఒక బెంగాలీ ఆఫీసరు రిటైరై సొంత ఊరు వెళ్ళిపోతూ తన చిన్న తెల్లకారు అమ్ముతున్నాడు. టౌన్‌షిప్‌లో రిటైరయ్యేవాళ్ళు కూలరూ, కుర్చీలూ, పూలకుండీలూ కూడా అమ్ముకుని పోయేవారు, మిగిలిన వాళ్ళం అలా కొనుక్కునేవాళ్ళం. ఆ మనిషి చాలా మంచివాడు. రాయపూర్ రోడ్డు మీద ఆవు అడ్డొచ్చి ముందు రేకు నొక్కుకుపోయిందనీ, అక్కడ లప్పం పెట్టి పైన రంగు వేయించాననీ, ఇంజనుకి మాత్రం ఏ లోపమూ లేదనీ అడక్కుండానే చెప్పాడు. నాన్న దాన్ని దుర్గ్ దాకా నడిపి చూశాడు. తిరిగొచ్చి, కుట్టుమిషనులా మెత్తగా పోతోందే అని అమ్మతో అన్నాడు. ఆ సాయంత్రం ఆయన ముఖంలో చూసిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

కారు ఇంటికొచ్చింది. అమ్మ పసుపూ కుంకుమా పెట్టింది. వీధివాళ్ళంతా చేరారు. అప్పుడొచ్చాడు పెదనాన్న, జేబులో రుమాలులో చుట్టిన అయస్కాంతంతో. మిల్లులో పాడైన ఏదో మోటారులోంచి తీసి దాచుకున్న నల్లటి బిళ్ళ అది. ఎవరి పాత బండైనా దాంతోనే పరీక్ష. బానెట్ మీద పెట్టాడు, అంటుకుంది. తలుపు మీద పెట్టాడు, అంటుకుంది. ముందు చక్రం పైనున్న రేకు మీద పెట్టి చెయ్యి తీశాడు. జారి రోడ్డు మీద పడింది. తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. వెనక నిలబడ్డవాళ్ళకి కనిపించలేదేమోనని వాళ్ళని ముందుకు రమ్మని పిలిచి మరీ ఇంకోసారి పడేసి చూపించాడు. అక్కడ లప్పం ఉందని బెంగాలీ సాహెబు ముందే చెప్పాడని నాన్న నసిగాడు. పెదనాన్న ఆ మాట పూర్తికానివ్వలేదు.

"బొగ్గు ఎగదోసుకునేవోడివి, నీకు ఇనుం సంగతి ఏటి తెలుస్తాదిరా? బెంగాలీవోడు మట్టికి రంగేసి అంటగట్టీసినాడు."

జనం నవ్వారు. సరే, అక్కడితో ఆగి ఉంటే ఈ పాటికి నేనూ మరిచిపోయేదాన్ని. చెల్లి వరండా మెట్టు మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. పెదనాన్న చూపు దాని మీద పడింది. మెల్లిగా వెళ్ళి, వంగి, ఆ అయస్కాంతాన్ని దాని కాలిపట్టీకి ఆనించాడు. అది టక్కున అతుక్కుంది.

"సూసినారా, కల్తీ నేని ఇనుం ఈ ఇంట్లో ఇదొక్కటే."

ఈసారి నవ్వు వీధి చివరిదాకా వినపడింది. పెద్దాయన పరాచికానికి నవ్వకపోతే బాగుండదని మా అమ్మ కూడా నవ్వింది. నాన్న తల వంచుకుని నేల చూస్తూ నవ్వినట్టే పెదవులు కదిపాడు. పెదనాన్న దాన్ని అక్కడే వదిలేసి లోపలికెళ్ళి టీ తాగుతూ కూర్చున్నాడు. చెల్లి రెండు చేతులతో దాన్ని పీకి, లేచి, బూటు చప్పుడు చేసుకుంటూ వెళ్ళి ఆయన చేతికిచ్చింది. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నేను ఆ మనిషిని జీవితంలో క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను, పోయినవాళ్ళ గురించి ఇలా రాయకూడదని మీలో ఎవరైనా అంటే అనుకోండి.

మర్నాడు నాన్న తెల్లకారుని తిరిగి ఇచ్చేశాడు. పెదనాన్న తనకి తెలిసిన ఒక కాంట్రాక్టరు దగ్గర పాతకాలపు గుండ్రటి పెద్దకారు ఒకటి ఇప్పించాడు. దాని మీద అయస్కాంతం ఎక్కడ పెట్టినా పీకడానికి బలం కావాల్సి వచ్చేది. రేకు మీద తడితే గుడిగంటలా మోగేది. ఇంజను చప్పుడు ఎవరూ వినలేదు, ఆ మోతలో వినిపించలేదు కూడా.

ఆ తరువాత కొద్ది రోజులకే బెంగాలీ ఆఫీసరు తెల్లకారు మా వీధిలో మళ్ళీ కనిపించింది. నడుపుతున్నది పెదనాన్న కొడుకు, మాకు అన్నయ్య. దుర్గ్‌లో సిమెంటు దుకాణం పెట్టాడు, రోజూ మా ఇంటి మీదుగానే వెళ్ళేవాడు. అమ్మ ఉండబట్టలేక అడిగింది, అది మట్టి బండన్నారు కదా బావగారూ అని. ఆయన ఏమీ తడుముకోలేదు. మగపిల్లాడికి ఏదైనా చాలు, మీది కుంటిపిల్ల ఎక్కే బండి, గట్టిది కావాలని మంచిది మీకొదిలేశానన్నాడు. మేము రుణపడి ఉండాలన్నట్టు అన్నాడు. పోనీ అబ్బాయి అదే దారిన పోతున్నాడు కదా, దీన్నీ దింపేస్తాడా అని అమ్మ కొంగు చేతికి చుట్టుకుంటూ అడిగితే, పొద్దున్నే అలాంటిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని దుకాణం తెరిస్తే వ్యాపారం ఏమవుతుందని అడిగాడు, చెల్లి వింటూ ఉండగానే.

కాలేజీ తెరిచిన మొదటి రోజు మా పెద్దకారు సుపేలా రైలుగేటు దాటగానే ఆగింది. రేడియేటరు కుతకుతా ఉడికిపోయింది. ఆ తరువాత వారంలో ఒకటి రెండు రోజులైనా ఎక్కడో ఒకచోట ఆగేది. పెట్రోలుకి సమానంగా ఇంజనాయిలు తాగేది. వెనక లేచే నీలం పొగకి దారినపోయే సైకిళ్ళవాళ్ళు ముక్కు మూసుకుని తిట్టేవారు. రింగులు పోయాయి, బోరు అరిగింది, ఇంజను విప్పాలి అని మెకానిక్కు అనేవాడు. విప్పితే మళ్ళీ ఇంకోటి. సెలవు పెట్టిన రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. నాన్నా నేనూ వెనక నుంచి తోసేవాళ్ళం, చెల్లి లోపల కూర్చుని స్టీరింగు పట్టుకునేది. ఒకసారి బజారు మధ్యలో ఆగిపోయి వెనక ఆటోలు హారన్లు కొడుతుంటే, ఎవడో సాయం పట్టడానికి వచ్చి లోపలికి చూసి కోప్పడ్డాడు.

"దీదీ కో ఉతారో భయ్యా, గాడీ హల్కీ హో జాయేగీ."

ఆమెని దించితే బండి తేలికవుతుందని. తప్పు వాడిది కాదు, వాడికి కాలు కనిపించలేదు. దిగమంటున్నారు కాబోలని చెల్లి తలుపు తీసి, ఆ ఇనుపకాలు రోడ్డు మీద పెట్టింది. చుట్టూ జనం ఒక్కసారిగా మాటలాపి చూశారు. సరిగ్గా ఆ సమయానికి తెల్లకారు మెత్తగా మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. అన్నయ్య చెయ్యి ఊపాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చెల్లి చెప్పింది.

"ఇంక చాలు నాన్నా. నన్ను రోడ్డు మీద కూకోబెట్టకు."

చదువు అక్కడితో ఆగిపోయింది. కారు మా క్వార్టరు ముందు ఏళ్ళ తరబడి నిలబడింది. పెదనాన్న వచ్చినప్పుడల్లా బానెట్ మీద తట్టి, చూశావా, ఇప్పటికీ తుప్పు పట్టలేదు, అదీ ఇనుమంటే అనేవాడు. నాన్న అవునన్నయ్యా అనేవాడు. చివరికి తుక్కు కొనేవాడికి ఇచ్చేశాం. వాడు ఎంత సంతోషించాడో చెప్పలేను, ఈ మధ్య ఇంత మంచి రేకు చూడలేదన్నాడు. పెదనాన్న పోయినప్పుడు పెద్దకర్మ భోజనాల దగ్గర అందరూ ఆయన అయస్కాంతం గురించే చెప్పుకున్నారు, ఆ చూపు ఇంకెవరికీ రాదని. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. చెల్లి మాత్రం ఇంట్లోనే పిల్లలకి లెక్కలు చెప్పి బతికింది. దాని దగ్గర చదివిన పిల్లలు ఆ దుర్గ్ కాలేజీలోనే సీటు తెచ్చుకుని మిఠాయి పొట్లాలతో వచ్చేవారు. చెల్లి అవి తీసుకుని పిల్లలందరికీ పంచిపెట్టేది, తను నోట్లో వేసుకోగా నేను చూడలేదు.

ఇంతకీ ఆ రోజు నేను వెళ్ళి అయస్కాంతం తెచ్చిచ్చాను. ఎప్పుడో అరకులో కొన్న బొమ్మ అది. చెల్లి దాన్ని తలుపు మీద పెట్టింది, అంటుకుంది. ముందుకెళ్ళి బంపర్ మీద పెట్టింది, జారి కిందపడింది. మా అబ్బాయి కంగారుగా, అది ప్లాస్టిక్ పిన్నీ, ఇప్పుడన్నీ అలాగే వస్తున్నాయి, లోపమేమీ కాదని చెప్పబోయాడు. చెల్లి నవ్వి, చేతికర్రతో ఆ బొమ్మని పక్కకి నెట్టింది.

"పడితే పడనీరా. బండి నడుస్తాదా నేదా, అది సెప్పు."

నడుస్తుందని చూపించడానికే వాడు మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని దుర్గ్ వైపు తీసుకెళ్ళాడు. చెల్లి ముందు సీట్లో కూర్చుంది. దాని కాలికి ఇప్పుడున్నది కూడా తేలికపాటి ప్లాస్టిక్ తొడుగే, చప్పుడు చెయ్యదు. సెక్టర్లో ఆ క్వార్టర్లు సగం ఖాళీ పడ్డాయి, రేకు తట్టి చెవి పెట్టే పెద్దమనుషులు ఒక్కరూ లేరు, బండి కొనేవాడు ఇంజను సంగతి అడగడానికి ఎవరికీ భయపడక్కరలేదు. మంచిదే, కానీ మాకు ఆలస్యంగా వచ్చింది. మాటల్లో ఉండగానే కారు పక్కదారిలోకి తిరిగింది. ఆ కాలేజీ గేటు ముందు ఆపమంది చెల్లి. నేను తోడుండగా చెల్లి మధ్యలో ఎక్కడా ఆగకుండా ఆ గేటు దాకా రావడం అదే మొదటిసారి. కాసేపు అద్దంలోంచి చూసి, వెనక్కి తిరిగి నన్ను అడిగింది.

"ఇంత దగ్గరేటక్కా?"

రోడ్డు వెడల్పు చేశారమ్మా, అందుకే అలా అనిపిస్తోంది అన్నాను.