గౌరి గారి ఫ్లాస్కూ, బళ్ళారి సమస్యా

వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో, సాయంత్రం ఐదింటికి పాండ్ గట్టున గౌరి గారు ఫ్లాస్కులోంచి అందరికీ టీ పోసే ఆచారం ఎప్పుడు పుట్టిందనే విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆవిడ కూతురింటికి వచ్చిన తొలి వేసవిలోనే పుట్టిందని కోటయ్య గారి వర్గం. అంతకు ముందు వీరాంజనేయులు గారు కాఫీ తెచ్చే యుగం ఒకటుండేదనీ, టీ దాని మీద జరిగిన తిరుగుబాటనీ వీరాంజనేయులు గారి వర్గం. ఆ వర్గంలో ఆయనొక్కరే ఉన్నారు. ఆ కాఫీ తాగినవాళ్ళెవరూ అందులో చేరలేదు.

పాండ్ అంటే వాననీళ్ళు నిలవడానికి బిల్డర్ తవ్వించిన గుంట. చుట్టూ తారు బాట, బాట మీద ఏ వీసా లేకుండా తిరిగే కెనడా బాతులు, చెట్ల అవతల రాత్రింబగళ్ళు ఒకే శ్రుతిలో హుమ్మనే డేటా సెంటర్ల గోడలు. పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న తెలుగు పెద్దలు ఆ గుంట చుట్టూ నడుస్తారు. గుంటకు నాలుగు రౌండ్లు. ఆ తర్వాత బెంచీ, టీ, మోకాళ్ళ మీద చర్చ.

గౌరి గారు నరసరావుపేటలో ఒక మహిళా కళాశాలలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆవిడ సబ్జెక్టు పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా. మార్చి ఎండల్లో కరెంటు పోయిన గదిలో, నోటు పుస్తకాలతో విసురుకుంటున్న పిల్లలకు ఇటలీ ఎలా ఏకమైందో చెప్పేవారు. మ్యాపు సుద్దముక్కతో చూడకుండా వేసేవారు. హైదరాబాదు చూడని పిల్లలు సార్డీనియాని కళ్ళు మూసుకుని చూపించేవారు. పోలెండ్ పరీక్షలో రాదు, వదిలేయమని ప్రిన్సిపాల్ ఓసారి సలహా ఇచ్చాడు.

"ముగ్గురు రాజులు కలిసి పోలెండ్‌ని మ్యాపులోంచి తీసేసినప్పుడూ ఇలాగే అనుకున్నారు సార్, ఇక రాదని" అని చెప్పి, ఆవిడ ఇంకో రెండు క్లాసులు పోలెండే చెప్పారు. ఇంక్రిమెంటు ఆలస్యమైంది. పోలెండ్ మటుకు తిరిగి వచ్చింది.

ఈ మొండితనానికి ఒక పూర్వచరిత్ర ఉంది. డెబ్బై రెండులో జై ఆంధ్ర ఉద్యమం నాటికి గౌరి గారు గుంటూరు హాస్టల్లో ఉన్నారు. ఆవిడ గదిలో ఉండే ఖమ్మం అమ్మాయిని, తెలంగాణ పిల్లవంటూ ఉద్యమం వాళ్ళు ఊరికి వెళ్ళిపొమ్మన్నారు. గౌరి గారు చాప తెచ్చి గుమ్మానికి అడ్డంగా పరుచుకుని కూర్చున్నారు, ఎవరొచ్చినా లేవలేదు. వార్డెన్ ఆ అమ్మాయిని పెట్టెతో సహా వంటింటి తలుపులోంచి పంపించేసింది. కాపలా మాత్రం నిష్ఠగా జరిగింది. ఆ తర్వాత గౌరి గారు ఏ సభకు వెళ్ళినా, ముందు ఆ హాలుకి వెనక తలుపు ఎక్కడుందో చూసుకునేవారు.

పాండ్ చుట్టూ జాతీయత లేని రోజుల్లో జీవితం సాఫీగానే సాగేది. జర్మన్ రాజ్యాలు ముందు సుంకాలు ఎత్తేసుకుని ఆ తర్వాత ఒక దేశమైనట్టే, ఇక్కడా ముందు కరివేపాకే సరిహద్దులు దాటింది. ఒక ఇంటి కుండీలోది ఇంకో ఇంటి పోపులో పడేది. గోంగూర ఎవరి డెక్ మీద పెరిగినా అందరిదీ. రౌండ్లు లెక్కపెట్టే పని ఉషమ్మది. ఉషమ్మది బళ్ళారి. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. మాట్లాడేది తెలుగే గానీ అంకెలు మాత్రం ఒందు, ఎరడు, మూరు అని కన్నడంలోనే వచ్చేవి. "ఎరడు ఐపోయినాయి, ఇంకా ఎరడు ఉండాయి" అని ఆవిడ అరిస్తే ఒంగోలు వీరాంజనేయులు గారూ, మిర్యాలగూడ కోటయ్య గారూ "ఎరడు, ఎరడు" అంటూ కాళ్ళు ఈడ్చేవారు.

ఆ స్థితిలో భానుప్రకాష్ వచ్చాడు.

అతను కాలనీ తెలుగు సంఘానికి ప్రెసిడెంట్, డేటా సెంటర్‌లో ఇంజనీరు, నలభై దాటని వయసు. మంచివాడు. ఎవరి అమ్మానాన్నలను ఎయిర్‌పోర్ట్‌లో దింపాలన్నా ముందుండేది అతనే. చరిత్రలో వచ్చిన చిక్కులు చాలావరకు ఇలాంటి మంచివాళ్ళ వల్లే వచ్చాయి.

"ఆంటీ, అక్టోబర్‌లో కౌంటీ పార్క్‌లో హెరిటేజ్ డే పెరేడ్ ఉంది. మన వాకింగ్ గ్రూప్‌ని రిజిస్టర్ చేశాను" అన్నాడు గౌరి గారితో. "మనకంటూ ఒక ఐడెంటిటీ ఉండాలి కదా. వేరేవాళ్ళు డప్పులతో, జెండాలతో వస్తారు. మనం ఊరికే నడుస్తున్నాం."

"మేం నడవడానికే వస్తున్నాం నాయనా."

"అదే ఆంటీ ప్రాబ్లమ్."

నెల తిరిగేసరికి పాండ్ చుట్టూ నడిచే మోకాళ్ళకు ఒక పేరు, ఒక బ్యానరు, ఒక పాట సమకూరాయి. ఎవరూ ఎన్నడూ పాడని ఆ పాట తరతరాలుగా వస్తున్నదని బ్యానరు కింద రాయించారు. విజయవాడలో ప్రింటు చేయించిన పసుపు టీషర్టులు రెండు అట్టపెట్టెల్లో దిగాయి. వీపు మీద తెలుగు నేల మ్యాపు. ప్రెస్సువాడు పాత బ్లాకు వాడేశాడు. రాష్ట్రం విడిపోకముందు మ్యాపు.

భానుప్రకాష్ గరాజ్‌లో పంపకం జరుగుతుండగా కోటయ్య గారు టీషర్టు తిప్పి చూశారు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపిన మనిషి, కొలతలు ఇట్టే పట్టేస్తారు.

"ఇదేంది, నన్ను మళ్ళ కలిపిన్రు? ఒక్క మాట అడగకుంటనే?"

"చొక్కా మీద కలిస్తే ఏమైందయ్యా కోటయ్యా, నాలుగు ఉతుకులకు పోతుందిలే" అన్నారు వీరాంజనేయులు గారు.

"పోయేదాక నువ్వే ఉతికి తీస్కరా. గప్పుడు తొడుక్కుంట."

భానుప్రకాష్ ప్రాక్టికల్ మనిషి. పర్మనెంట్ మార్కర్ తెచ్చి, కోరినవాళ్ళ వీపుల మీద సరిహద్దు గీశాడు. పది నిమిషాల్లో గీత ఉన్నవాళ్ళు లాన్‌మోవర్ వైపు, గీత లేనివాళ్ళు పాత ఫ్రిజ్ వైపు చేరారు. నిన్నటిదాకా ఒకే బాట మీద నడిచినవాళ్ళను ఏకం చేయడానికి తెచ్చిన చొక్కాలు రెండు దేశాలను పుట్టించాయి. పద్దెనిమిది వందల నలభై ఎనిమిదిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్ ప్రొఫెసర్లు కూడా ఇలాగే సరిహద్దుల మీద నెలల తరబడి వాదించారు. వాళ్ళకు ఫ్రిజ్ లేదు, అంతే తేడా.

అప్పుడు ఉషమ్మ చొక్కా తొడుక్కుని, అద్దం లేక ఇటూ అటూ తిరుగుతూ అడిగింది: "దీంట్లో మా బళ్ళారి యాడుందప్పా?"

అందరూ వెతికారు. గీత ఉన్న చొక్కాలో లేదు, గీత లేని చొక్కాలోనూ లేదు. మ్యాపు దాటాక, ఎడమ పక్క కుట్టు దగ్గర, చంక కింద తడి తగిలే చోట ఉండాలని కోటయ్య గారు వేలితో కొలిచి తేల్చారు. వీరాంజనేయులు గారూ కొలిచి ఔనన్నారు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి అదే. బయటివాళ్ళు ఒకరు దొరికితే లోపలివాళ్ళు ఒకటవుతారన్న కిటుకు బిస్మార్క్ మూడు యుద్ధాలు చేసి నిరూపించాడు. భానుప్రకాష్‌కి గరాజ్‌లోనే తెలిసిపోయింది. ఉషమ్మ పెరేడ్‌లో అతిథిగా, తెల్ల చొక్కాతో, అందరికంటే వెనక నడవాలనీ, ఇకపై రౌండ్లు తెలుగులోనే లెక్కపెట్టాలనీ నిర్ణయం జరిగింది.

గౌరి గారు అప్పుడు పళ్ళ డాక్టర్ దగ్గర నోరు తెరుచుకుని ఉన్నారు. రాజ్యాల పంపకాలు ఇలాంటి వేళల్లోనే జరుగుతాయి.

మర్నాడు నడకకు ఉషమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. లెక్క చెప్పేవాళ్ళు లేక ఎవరు ఎన్ని రౌండ్లు తిరిగారో తెలియలేదు. విషయం తెలుసుకున్న గౌరి గారు ఫ్లాస్కు పట్టుకుని బ్లూ హెరన్ కోర్టు అనే వీధిలో ఉషమ్మ కూతురింటికి వెళ్ళారు.

ఉషమ్మది ఆరు నెలల విజిట్ కాదు. భర్త పోయాక బళ్ళారి ఇల్లు అమ్మేసి గ్రీన్ కార్డు మీద వచ్చేసింది. కూతురూ అల్లుడూ పొద్దున ఆఫీస్‌కి పోతే చీకటి పడ్డాక వస్తారు. డ్రైవింగ్ రాదు, ఇంగ్లీషు రాదు. రోజు మొత్తంలో ఆవిడ నోరు తెరిచేది పాండ్ దగ్గరే.

"కోపమొచ్చిందా ఉషా?"

"కోపమేంటికక్కా. వెనక నడవమంటే నడుస్తా. నా మోకాలు ఎట్లాగూ వెనకే పెడతాది నన్ను." ఆవిడ కప్పు పక్కన పెట్టింది. "అతిథి అనిరి. అతిథి అంటే ఎప్పుడో ఒకప్పుడు లేసి పోవల్ల కదా. నేను యాడికి పోవల్ల?"

గౌరి గారికి ఫ్రాన్సుకీ జర్మనీకీ మధ్య ఉన్న ఆల్సేస్ మీద ఒక లెక్చర్ ఉంది. మాట జర్మన్ కాబట్టి ఆ నేల మాదేనని ఒకరూ, మనసు ఫ్రెంచి కాబట్టి మాదేనని ఇంకొకరూ ఎలా కొట్టుకున్నారో, మధ్యలో అక్కడి జనం ఎలా నలిగారో ఏటేటా ముప్పావుగంట చెప్పేవారు. చివర్లో ఒకటి రెండు ముక్కులు ఎగబీల్చే శబ్దాలు కూడా వినిపించేవి. ఉషమ్మ ముందు అందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"రేపు ఐదింటికి వస్తున్నావు. ఎరడు అనే అంటున్నావు" అని కప్పు కడిగి వచ్చేశారు.

ఆ సాయంత్రమే గరాజ్‌లో సభ. గౌరి గారు లోపలికి వస్తూనే ఇంట్లోకి వెళ్ళే తలుపు ఎక్కడుందో చూసి, కుర్చీ దానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. పెద్ద తలుపు ఎలాగూ ఎదురుగానే ఉంది.

"ఆంటీ, పర్సనల్‌గా తీసుకోకండి. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా" అన్నాడు భానుప్రకాష్.

"గీసినవాళ్ళంతా ఈ మాటే అన్నారు భానూ. ఒక్కడూ తన ఇంటి మధ్యలోంచి గీసుకోలేదు."

"అలా అయితే రేపు తమిళ్ వాళ్ళు వస్తామంటారు, ఒడియా వాళ్ళు వస్తామంటారు."

"రానీ. పాండ్ నిండిపోతుందా?"

"కల్చర్ కాపాడుకోవాలి మేడమ్" అన్నారు వీరాంజనేయులు గారు, గీత లేని పక్క నుంచి.

"మీరు కాపాడే కల్చర్‌కి పోయిన వారం గోంగూర పచ్చడి ఎవరు పెట్టారండీ? తినేటప్పుడు చంక కింద ఊరిదని గుర్తు రాలేదా?"

లాన్‌మోవర్ వైపు నుంచి కోటయ్య గారు నవ్వబోయి ఆపుకున్నారు.

"మీ గోంగూర కూడా ఆవిడ కుండీలోదే కోటయ్య గారూ" అన్నారు గౌరి గారు. "నేను ఆవిడ పక్కనే నడుస్తాను. వెనకైతే వెనకే. ఈ చొక్కా తొడుక్కోను. నన్నూ అతిథి కింద రాసుకోండి."

ఇంటికెళ్తే కూతురు నీహారిక తల పట్టుకుంది. "అమ్మా, భాను గారు మా టీమ్‌లో అందరికీ ఫ్రెండ్. టీషర్ట్ కోసం గొడవా?"

"టీషర్ట్ కోసం కాదు. ఈసారి వంటింటి తలుపు కూడా చూసుకున్నాను" అన్నారు గౌరి గారు. నీహారికకు అర్థం కాలేదు. హాస్టల్ సంగతి ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాటి నుంచి ఉషమ్మ నడకకు వచ్చింది గానీ లెక్క మాత్రం పైకి చెప్పలేదు. హెరిటేజ్ డే నాడు గాలి కోసేస్తోంది. పెరేడ్ గంటన్నర ఆలస్యమని మైకులో చెప్పారు. ముందు బ్యానరు పట్టుకుని భానుప్రకాష్, వెనక గీతలున్న పసుపు, గీతల్లేని పసుపు, అందరికంటే చివర తెల్ల చొక్కాతో ఉషమ్మ, ఆవిడ పక్కన మంగళగిరి చీరలో గౌరి గారు. ఆవిడ తన టీషర్టును వృథా చేయలేదు. అవిభక్త తెలుగు నేల మొత్తం ఆవిడ పెద్ద ఫ్లాస్కు చుట్టూ వేడి పోకుండా చుట్టి ఉంది.

"టీ కావలసినవాళ్ళు వెనక్కి రండి" అన్నారు.

మొదట కోటయ్య గారు వెళ్ళారు. తర్వాత వీరాంజనేయులు గారు, ఎవరూ చూడటం లేదనుకుని. కాసేపటికి ఊరేగింపు ముందు భాగమంతా వెనక్కి వచ్చేసింది, ఒక్కొక్కరూ రెండేసి కప్పులు తాగారు. భానుప్రకాష్ కూడా వచ్చాడు. అతని మొహంలో అలసట కనిపిస్తోంది.

"ఆంటీ, మీరు ముందుకొచ్చి బ్యానర్ పట్టుకోండి. హిస్టరీ మేడమ్ ముందుంటే బావుంటుంది. ఉష ఆంటీని కూడా మధ్యలో అడ్జస్ట్ చేస్తాను." ఉషమ్మ వైపు తిరిగాడు. "కాకపోతే స్టేజి దగ్గర ఎవరైనా అడిగితే, ఏదో ఒక రాష్ట్రం పేరు చెప్పండి ఆంటీ. మీది ఏ ఊరని చెప్తారు?"

ఉషమ్మ ఖాళీ కప్పు గౌరి గారికి ఇచ్చింది.

"బ్లూ హెరన్ కోర్టు. పాండ్ పక్క ఇల్లు."

"అది కాదు ఆంటీ. అసలు మీది ఎక్కడ?"

"అసలూ అదే నాయనా."

ఐరోపా సరిహద్దు పల్లెల్లో రైతులను మీరు ఏ జాతి అని అధికారులు అడిగినప్పుడు మేం ఇక్కడివాళ్ళమని బదులిచ్చేవారని గౌరి గారు ముప్పై ఏళ్ళు చెప్పారు. ఆ జవాబును చెవులారా వినడం ఆవిడకు ఇదే మొదటిసారి. ఫ్లాస్కు మూత బిగించారు.

"విన్నావు కదా భానూ. ఆవిడకు అడ్జస్ట్‌మెంటు అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు" అని ఉషమ్మ చెయ్యి పట్టుకుని వరుసలోంచి బయటికొచ్చి, పార్కు అవతలి కొసకు నడవడం మొదలుపెట్టారు.

"ఒందు" అంది ఉషమ్మ, అలవాటు కొద్దీ.

కోటయ్య గారు వాళ్ళ వెనక కదిలారు. ఆయన వెనక వీరాంజనేయులు గారు. గీత ఉన్న పసుపు, గీత లేని పసుపు, ఒకటిగా, మాట లేకుండా, తలలు వంచుకుని, వడివడిగా. మైకులో వాళ్ళ గ్రూపు పేరు పిలిచినా ఒక్కరూ వెనక్కి తిరగలేదు. బ్యానరు ఒక కర్రతో భానుప్రకాష్ చేతిలో వేలాడింది. అరగంట తర్వాత అందరూ అవతలి బెంచీల మీద ఉషమ్మ చుట్టూ చేరి మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. సోమవారం నుంచి పాండ్ దగ్గర మళ్ళీ ఎరడు, మూరు వినిపించాయి. అతిథి అన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

బలవంతపు గీతలను ప్రజలు తమంతట తాము చెరిపేసుకున్న ఘట్టాల్లో దీన్ని చేర్చవచ్చునా అని గౌరి గారు ఓ సాయంత్రం గంభీరంగా ఆలోచించి, ఆనాడు తన వెనకే ఎందుకు వచ్చారని వీరాంజనేయులు గారిని అడిగారు.

రెండు కప్పుల టీ తాగి ఉన్నామని ఆయన చెప్పారు. బాత్రూములు అటువైపే ఉన్నాయి.