కాలవలో వేయని ప్రసాదం

నా లోపలి చీకటినంతా ఎరిగి కూడా నన్ను తోసివేయక, ఈ ఉదయం వరకు నాకు ఊపిరి పోసిన దేవునికి స్తోత్రం. మహిమంతా ఆయనదే.

పూతలపట్టు దగ్గర మా చిన్న సంఘంలో ఆదివారం పిల్లలు కూడా సాక్ష్యం చెప్పాలి. ఆ వారం దేవుని కోసం తామేం చేశారో లేచి నిలబడి చెప్పాలి. అప్పుడు అయిదో తరగతిలో ఉన్న నాకు మూడు వారాలుగా చెప్పడానికి ఏమీ దొరకలేదు. నాలుగో ఆదివారం మా పాస్టరు అయ్యగారు ఒక్కొక్కర్నీ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగారు. వెనక నుంచి అమ్మ నా వీపు మీద వేలితో పొడిచింది.

లేచాను.

"మా బళ్లో నా స్నేహితురాలు కొండ ప్రసాదం ఇచ్చింది. నేను తినకుండా కాలవలో పారేసినాను."

నిజానికి తిన్నాను. విగ్రహాలకు పెట్టింది ముట్టకూడదని సంఘంలో నేర్పారు కనుక మొదట వెనకాడాను. తిరుమలలో గుండు చేయించుకొని వచ్చిన ఆ పిల్ల నవ్వింది. "తినుమే, మీ అయ్యగారు గోడెక్కి సూస్తా ఉండాడా ఏమి?" బడి వెనక ఇద్దరం తిన్నాం. వేళ్లకు అంటిన నెయ్యి కూడా నాకాను.

సంఘమంతా "హల్లెలూయ" అని చేతులెత్తింది. అయ్యగారి భార్య నా తల మీద చెయ్యిపెట్టి ప్రార్థించింది. అమ్మ ఏడ్చింది, సంతోషంతో.

నా సాక్ష్యం ఊళ్లో పాకింది. రెండు రోజులకు ఆ పిల్లను వెంటబెట్టుకొని వాళ్ల అవ్వ మా ఇంటికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో అలిపిరి నుంచి మెట్లెక్కి ఆ ప్రసాదం తెచ్చింది ఆమే. లోపలికి రమ్మంటే రాలేదు.

"తినకుంటే పోనీ పాపా. మా పిల్లకే ఇచ్చేసుంటే అయిపోయుండు గదా. కాలవలో ఎందుకేస్తివి?"

"అది తినిందవ్వా! నేను సూసినా గదా!" అంది ఆ పిల్ల.

అమ్మ ముఖం ఎర్రబడింది. "సంఘంలో నిలబడి నా బిడ్డ అబద్దం సెప్తాదా?"

ముగ్గురూ నావైపు చూశారు. ఒక్క మాట చాలు.

"నేను తినలేదు" అన్నాను.

అవ్వ మనవరాలి చెంప మీద కొట్టింది. "దేవుడి ప్రసాదం మీద కూడా అబద్దాలా మే నీకు?" అంటూ లాక్కుపోయింది. ఆ పిల్ల ఏడవలేదు. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి నన్నే చూస్తూ పోయింది. ఇన్నేళ్లయినా ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆ గుండు తల నావైపు తిరుగుతుంది.

పోయిన నెల చిత్తూరు బస్టాండులో ఆమె కనిపించింది. "బాగుండావా?" అని తనే పలకరించింది. ఆ రోజు సంగతి ఎత్తబోయాను. ఆమె ఆపింది.

"మా అవ్వ పోయేదాకా నా మాట నమ్మలేదు మే. ప్రార్థనలో నిలబడి చెప్పిన బిడ్డ అబద్దమాడదు అనేది."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కిపోయింది.

ఆ తర్వాత ఎన్నో సాక్ష్యాలు చెప్పాను, ఇది తప్ప. ఈ ఆదివారం చెప్పాలి. అమ్మ ఇప్పటికీ ముందు వరుసలోనే కూర్చుంటుంది. చదువుతున్న మీరు ఒక్క క్షణం కళ్లు మూసుకొని నాతో కలిసి అడగండి: ప్రభువా, అందరి ముందు ఈ నోరు మూతపడనివ్వకు.