తళుకక్క చేసిన బంగారు అంకె

తళుకక్క ఇరవై రెండేళ్లుగా అక్షరాలకు మెరుగు పెడుతోంది. చేసినవి లెక్కకు రావు. వాటన్నిటిలోకీ అందమైనది ఒక అంకె, అరచేయంత ఉంటుంది. ఇప్పుడు ఎవరైనా దాని మాటెత్తితే ఆమె లేచి అవతలి గదిలోకి వెళ్లిపోతుంది. వెళ్లి ఏం చేస్తుందో ఎవరూ చూడలేదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

ఆమె అసలు పేరు గుర్తింపు కార్డులో ఉంది, అక్కడే ఉండిపోయింది. బజారంతా తళుకక్క అనే పిలుస్తుంది. ప్రింటింగ్ షాపులో గాజు తలుపు పక్కన ఆమె కుర్చీ. కుర్చీ మెత్త చిరిగి దూది బయటికొచ్చి చాన్నాళ్లయింది గానీ, ఎదురుగా ఉన్న మానిటరు మాత్రం ఆ వీధిలోకెల్లా పెద్దది. బోర్డు కావాలని ఎవరొచ్చినా ఆమె అడిగే మొదటి మాట ఒకటే: “మామూలుగానా, మెరుస్తూనా?” మామూలుగా చాలన్నవాళ్లకు మొహం ముడుచుకుని చేసిచ్చేది. ఒకాయన చెప్పుల కొట్టుకు బోర్డు చేయించుకుంటే, నగల కొట్టనుకుని జనం లోపలికొచ్చి, చెప్పులు చూసి నాలిక కరుచుకుని వెనక్కి పోయారట. ఈ ముచ్చట ఆమే నవ్వుతూ చెప్పుకునేది.

ఆమె పని చేస్తుంటే చూడాలి. ముందు అక్షరాన్ని లావుగా, నల్లగా తెర మీద నిలబెడుతుంది. దాని మీద పొరలా ఒక లేయరు, ఆ లేయరు మీద ఇంకో లేయరు. అంచులు ఉలితో చెక్కినట్టు వాలు పెడుతుంది. వెలుగు ఎడమ పక్క పైనుంచి పడాలని తేల్చేస్తుంది. ఆ తర్వాత సూర్యుడైనా ఆమె మాట వినాల్సిందే. ముదురు గోధుమ రంగు నుంచి పసుపుకు, పసుపు నుంచి తెలుపుకు, మళ్లీ గోధుమకు రంగు దించేసరికి నల్లటి అక్షరం బంగారు కడ్డీ అవుతుంది. పక్కగోడలు లాగి మందం తెప్పిస్తుంది. అడుగున నీడ పరుస్తుంది. చివర్లో అంచుల వెంట వెంట్రుకంత తెల్లగీతలు, మూలల్లో నాలుగు మెరుపు చుక్కలు. ఇదంతా బొమ్మను నాలుగింతలు పెద్దది చేసుకుని, తెరకు ముక్కు ఆనించి చేస్తుంది. తళుకక్క తన అక్షరాలను ఎప్పుడూ అంత దగ్గరగానే చూసింది.

వాళ్ల నాన్న కుంచెతో బోర్డులు రాసే పెయింటరు. రాయడం అవగానే చిన్న పిల్లైన ఈమెను రోడ్డు అవతలికి పంపి, “పది అడుగులు వెనక్కెళ్లి చదువమ్మా. చదవగలిగితే అక్షరం, లేకపోతే ఉత్త బొమ్మ,” అనేవాడు. కుంచెల కాలం పోయింది, ఆయనా పోయాడు. అమ్మ అంతకుముందే పోయింది. పదకొండేళ్లు చిన్నదైన చెల్లెలు చిన్నిని తళుకక్కే పెంచింది. జడలు వేసింది, తిట్టింది, టైలరింగు నేర్పించింది. ఎవరైనా పెళ్లి మాట తెస్తే “చిన్ని సంగతి చూడనివ్వండి ముందు,” అనేది. చిన్ని సంగతి చూసేసరికి తన సంగతి దాటిపోయింది. పెద్ద బట్టల షోరూంలో, నాలుగో అంతస్తులో, కొన్న బట్టలను ఒంటికి సరిచేసి కుట్టే చోట చిన్నికి ఉద్యోగం పెట్టించింది కూడా తనే. ఆ షోరూం బోర్డులన్నీ తళుకక్క చేతివే కాబట్టి మేనేజరు కాదనలేకపోయాడు.

ఆ షోరూం వెనకవైపు ఒక పాత లిఫ్టు ఉంది. కొనడానికి వచ్చేవాళ్లకు ముందువైపు అద్దాల లిఫ్టు. పనిచేసేవాళ్లకూ బట్టల మూటలకూ ఇది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. ఒకరోజు లిఫ్టు మెకానిక్ పైకెక్కి చూసి, దిగొచ్చి, చేతులు తుడుచుకుంటూ తీగతాడు అరిగిపోయిందన్నాడు. కొత్తది తెప్పించాలి. అది వచ్చేదాకా ముగ్గురికి మించి ఎక్కకూడదు. ఒక అట్టముక్క మీద నల్ల మార్కరుతో “3 మంది మాత్రమే” అని వంకరటింకరగా రాసి లోపల వేలాడదీసి పోయాడు. అందరూ ఆ అట్టముక్కను తిట్టుకుంటూనే ముగ్గురేసి ఎక్కేవాళ్లు.

మేనేజరుకు మాత్రం అది కంట్లో నలుసైంది. యజమాని చూస్తే బాగుండదని తళుకక్కకు ఫోన్ చేశాడు.

“చిన్న బోర్డక్కా. బంగారు రంగు రేకు మీద చెయ్యి. అంకె బయటికి పొడుచుకొచ్చినట్టుండాలి.”

“చేసిస్తా చూడండి. నిజంగా పొడుచుకొచ్చిందనుకుని అందరూ చెయ్యి పెట్టి తడుముతారు,” అంది తళుకక్క.

“ముగ్గురు” అని అక్షరాల్లో రాసినా సరిపోయేది. కానీ అంత చిన్న రేకులో అన్ని అక్షరాలు పెడితే ఒక్కోటీ నలిగిపోతుంది. అంకె అయితే అరచేయంత పెట్టొచ్చు. ఆ మూడంకె మీద ఆమె రోజున్నర కూర్చుంది. మూడుకు నోళ్లు ఎడమవైపు తెరుచుకుని ఉంటాయి కదా. మందం కూడా ఎడమవైపుకే లాగింది. పక్కగోడలు వచ్చి ఆ రెండు నోళ్లలో కూర్చున్నాయి. వాటి అంచున తెల్లగీత గీసింది, ఆ గీత మీద మెరుపు చుక్క పెట్టింది. నాలుగింతల తెర మీద అదొక అద్భుతం. నాన్న చెప్పిన పది అడుగులు ఆమెకు గుర్తే రాలేదు. మురిపెంగా ఒళ్లో పెట్టుకున్న బిడ్డను చూడ్డానికి పది అడుగులు వెనక్కి ఎవరు వెళ్తారు? ఆ సాయంత్రమే మేనేజరు వచ్చి తీసుకెళ్లి లిఫ్టులో బిగించి, అట్టముక్కను చెత్తబుట్టలో వేశాడు.

పది రోజుల తర్వాత, ఒక సోమవారం, చిన్ని కళ్లజోడు ఇంట్లో మరిచిపోయింది. అది లేకపోతే సూదిలో దారం ఎక్కించలేదు. మధ్యాహ్నం తళుకక్క పట్టుకెళ్లింది. చిన్ని కిందికి దిగొచ్చి, “పైకి రా అక్కా, మా వాళ్లకు నిన్ను చూపిస్తా,” అని చెయ్యి పట్టుకుని వెనక లిఫ్టులోకి లాగింది. లోపల అప్పటికే నలుగురున్నారు. ముగ్గురే కదా ఎక్కాలి అని తళుకక్క అనేలోపు గోడౌను వైపు నుంచి ఇంకో ఇద్దరు మూట మోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

“రండి రండి, ఇంకో ఇద్దరు పడతారు. కొత్త బోర్డు పెట్టారుగా, ఇప్పుడు ఎనిమిది మంది దాకా ఎక్కొచ్చు,” అని మూలనున్న సేల్స్ ఆవిడ పిలిచింది.

తళుకక్క తలెత్తి బోర్డు చూసింది. ట్యూబులైటు వెలుగు రేకు మీద పడి జారుతోంది. ఆమె నిలబడ్డ చోటునుంచి అది ఎనిమిది. తల ఇటు వంచి చూసింది, ఎనిమిదే. పక్కగోడలు, మెరుపు చుక్కలు కలిసి మూడంకె నోళ్లు రెండూ మూసేశాయి. చేసిన తనకే మూడు కనబడటం లేదు, ఇక వీళ్లకేం కనబడుతుంది? తలుపు మూసుకుంది. పైనెక్కడో ఏదో కిర్రుమంది, లిఫ్టు ఒక జానెడు కిందికి దిగి, ఆగి, తర్వాత పైకి కదిలింది.

“ఈ బోర్డు చేసింది మా అక్కే,” అంది చిన్ని, అందరికీ వినబడేట్టు.

“అయ్యో, మీరేనా! ఎంత బాగుందో. రోజూ దీన్నే చూస్తూ పైకి పోతాం,” అంది సేల్స్ ఆవిడ.

ఏడుగురి కళ్లు ఆమె మీదే ఉన్నాయి. చిన్ని కళ్లలోనైతే గర్వం పట్టడం లేదు. “అది ఎనిమిది కాదు” అనే మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. నాలుగంతస్తులూ ఆ బోర్డు వైపే చూస్తూ నిలబడింది. ప్రతి అంతస్తు దగ్గరా ఆ కిర్రుమనే చప్పుడు వచ్చింది, తనకు తప్ప ఎవరికీ పట్టలేదు.

పైన దిగాక చిన్నిని పక్కకు తీసుకెళ్లింది.

“ఇకనుంచి మెట్లెక్కి వెళ్తుండవే.”

“ఎందుకూ?”

“నడుము చూసుకున్నావా? పీపాలా తయారవుతున్నావు.”

“నాలుగంతస్తులా! ముందు నువ్వెక్కి చూపించు తల్లీ,” అని చిన్ని పకపకా నవ్వింది. తళుకక్క మెట్లు దిగే వెళ్లింది.

నన్నడిగితే తళుకక్క చెడ్డమనిషి కాదు. కానీ ఆమె మీద నాకున్న కోపమంతా ఈ మెట్ల దగ్గరే. ఒక్క మాట, అది మూడే అని చెప్పాల్సింది. చెబితే ఇరవై రెండేళ్ల పేరు మంటగలుస్తుందనుకుంది. చెల్లెలు అంత గొప్పగా చెప్పుకున్నాక మొహం చెల్లలేదు. బోర్డు గుట్టుచప్పుడు కాకుండా మార్చేసి, తర్వాత తీరిగ్గా చెబితే ఇద్దరూ నవ్వుకోవచ్చనుకుంది. ఆలస్యం అమృతం విషం అని ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసినవాళ్లే ఎక్కువ ఆలస్యం చేస్తారు.

షాపుకొచ్చి ఫైలు తెరిచింది. మెరుపులు తీసేసింది, గోడలు తీసేసింది, నీడ తీసేసింది. నల్లటి మూడు మిగిలింది. తలుపు దాకా వెళ్లి చూసింది, శుభ్రంగా మూడే. దాన్ని అచ్చు వేయడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ గుండు చేయించుకున్న మనిషిలా బోసిగా ఉంది. ఇది తీసుకెళ్లి పెడితే మేనేజరు అడగడూ, అంత మంచిది తీసేసి ఇదేంటని? అప్పుడేం చెప్పాలి? మెరవాలి, మూడులాగానూ కనబడాలి. అలాంటిది చేసే తీసుకెళ్తాననుకుంది.

మంగళవారమంతా అదే పని. వాలు తగ్గించింది, ఎనిమిది. బంగారం తీసి వెండి పెట్టింది, ఎనిమిది. తెరకూ తలుపుకూ మధ్య తిరిగి తిరిగి కాళ్లు పీకాయి. కళ్లు మూసుకున్నా అదే అంకె, సంకెళ్లలా రెండు సున్నాలు ఒకదానికొకటి తగులుకుని. సాయంత్రం చిన్ని ఇంటికి రాగానే చెప్పులు విడవక ముందే అడిగింది.

“మెట్లెక్కావా?”

“ఆఁ, ఎక్కాలే. నీ గోల పడలేక.”

అబద్ధమని ఆ గొంతులోనే తెలుస్తోంది. తెలిసినా తళుకక్క రెట్టించలేదు. రెట్టిస్తే కారణం చెప్పాలి.

బుధవారం లిఫ్టు మెకానిక్, మేనేజరు దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాడు.

“అమ్మా, తాడు వచ్చేవారం వస్తుంది. అప్పటిదాకా ముగ్గురే, గట్టిగా చెప్పా మేనేజరుకి. నా అట్ట తీసేసి మీ బోర్డు పెట్టారంట కదా. అంకె బాగా కనబడుతోందామ్మా?”

తళుకక్క తెర వైపు చూసింది. ఇప్పుడు చెప్పెయ్యడం కంటే సులువు ఇంకోటి లేదు. అడిగినవాడు బయటివాడు, నవ్వడు కూడా.

“కనబడుతోందండీ,” అంది.

“అయితే సరే. నేను పొరుగూరి పనిలో ఉన్నా, లేకపోతే ఓసారి వచ్చి చూసేవాణ్ణి,” అని పెట్టేశాడు.

గురువారం పొద్దున దారి దొరికింది. మందం కుడివైపుకు లాగింది. నోళ్లు రెండూ ఖాళీగా వదిలి లోపల నల్లరంగు నింపింది. తలుపు దగ్గర నిలబడి చూసింది, మూడు. వీధిలోకి వెళ్లి గాజులోంచి చూసింది, మూడే. పాతదానికంటే అందంగా ఉంది కూడా. ఆ సంతోషంలో ఊరుకోకుండా ఇంకో గంట కూర్చుని అంచులు మెరుగుపెట్టింది. రేకు మీద అచ్చు తీసి, గీతలు పడకుండా కాగితం చుట్టి, సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరింది.

షోరూం ముందు షట్టరు సగం దించి ఉంది. బయట జనం గుంపుగా నిలబడి ఉన్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఏమైందని అడగాలనుకుంది గానీ కాళ్లు వాటంతటవే వెనకవైపుకు నడిచాయి. లిఫ్టు తలుపు వంగిపోయి ఉంది. మూడో అంతస్తు నుంచి పడిందట. ఎంతసేపయిందంటే అరగంట అన్నారు.

సేల్స్ ఆవిడ బతకలేదు. చిన్ని కుడికాలు మోకాలి కింద నుజ్జయింది, డాక్టర్లు అక్కడికి తీసేశారు. రాత్రి తెల్లవార్లూ తళుకక్క ఆసుపత్రి బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శుక్రవారం సాయంత్రానికి చిన్నికి పూర్తిగా తెలివొచ్చింది. దుప్పటి కింద ఒక పక్క చదునుగా ఉండటం చూసింది, చూసి చూపు తిప్పుకుంది. అక్క చెయ్యి పట్టుకుంది.

“అక్కా, ఎక్కువమంది ఎక్కడం వల్లే పడిందని మేనేజరు అంటున్నాడట. తప్పంతా మాదేనట. నువ్వు చెప్పక్కా వాళ్లకి, బోర్డు చేసిందానివి. మేం ఏడుగురమే ఎక్కాం. ఇంకొకళ్లకి చోటుంది కూడా.”

తళుకక్కకు ఇక గొంతులో దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

“అది ఎనిమిది కాదే చిన్నీ. మూడు.”

చిన్ని అర్థం కానట్టు చూసింది. లిఫ్టు లోపలి గోడను గుర్తుచేసుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది. మెట్లెక్కమన్న మాటా గుర్తొచ్చినట్టుంది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నీకెప్పుడు తెలిసింది?”

“సోమవారం,” అంది తళుకక్క.