పసుపు బొట్లు పెట్టిన సీడీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఆ వేసవి కడపలో ఎండ, కరెంటు కోతలు, నాయన జబ్బు, వీటన్నిటి మీదా రావలసిన కోపమంతా ఒక పాత కంప్యూటర్ మీదికి మళ్లింది.

నాయనకు మైదుకూరులో పసుపు మండీ ఉండేది. వ్యాపారం కూటి కోసం, పద్యం ప్రాణం కోసం. తిరునాళ్లలో పౌరాణిక నాటకం వేస్తే కిరీటం పెట్టుకొని నిలబడేవాడు. ఆయన రాగం తీస్తే జనం వన్స్ మోర్ అని కేకలేసేవాళ్లని విన్నవాళ్లు చెప్పారు. అమ్మా, కూతురిని నేనూ మాత్రం వినలేదు. మండీలో కూర్చునే మనిషి మొహానికి రంగేసుకోవడమే మా బంధువులకు నామోషీ. ఇంటి ఆడవాళ్లు పోయి ఆ జనంలో కూర్చోవడం ఇంకా నామోషీ. అమ్మ వస్తానని అడగలేదు, నాయన రమ్మని పిలవలేదు. ఇంట్లో ఆయన కూనిరాగం కూడా తీసేవాడు కాదు.

ఒకసారి నాటకాల స్నేహితులు ఆయన్ని కర్నూలుకు తీసుకుపోయి, ఒక చిన్న స్టూడియోలో పద్యాలు పాడించి సీడీ చేయించారు. మా ఇంట్లో దాన్ని వేసే యంత్రం లేదు. అమ్మ దేవుని గూట్లో పెట్టి, "యాడికి పోతాది, ఎప్పుడో ఒక పొద్దు విందాంలే" అంది. ఆ పొద్దు రాకముందే నాయనకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గొంతుపెట్టె తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం మిగిలింది, దాని మీద పల్చటి తెల్లగుడ్డ. ఊపిరి అందులోంచే. మాట పోయింది. మండీ మూసేసి, వైద్యానికి దగ్గరని కడపలో అద్దె ఇంటికి వచ్చాం. నేను నెట్ సెంటర్లో పనికి కుదిరాను. వాళ్లు మూలన పడేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను.

ఒకరోజు అమ్మ వంటింట్లోకి పిలిచి, కొంగు చాటు నుంచి ఆ సీడీ తీసింది.

"మే, ఈ బిళ్ల నీ కంప్యూటర్లో ఎక్కించి మీ నాయన పద్యం వినిపిస్తావా? ముప్పొద్దులా ఆయనకు అన్నం పెట్టినా గానీ, ఒక్కతూరి కూడా ఆయన పాట వినలేదు."

ఆ స్టూడియో అప్పటికే మూతపడింది. మిగిలింది ఈ ఒక్క సీడీ. కంప్యూటర్లోకి కాపీ చేసి పెడితే అమ్మ ఎన్నిసార్లయినా వినొచ్చని సంబరపడ్డాను. కాపీ అయింది. స్పీకర్లు పెట్టాను. వచ్చింది పద్యం కాదు. కత్తిపీట మీద వంకాయలు తరిగినట్టు ముక్కలు ముక్కలుగా ఒక గొంతు. అర అక్షరం, కరకర, మళ్లీ అర అక్షరం. నులకమంచం మీద నాయన కాసేపు విని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకు కంప్యూటర్‌ను ఎత్తి వీధిలో పారేయాలనిపించింది.

కోపం తగ్గాక ఆలోచించాను. బజారులో కొన్న కొత్త పాటల సీడీ ఒకటి పెట్టి చూస్తే అది కూడా అట్లాగే తెగింది. అయితే రోగం కంప్యూటర్‌దే. నెట్ సెంటర్లో తెలిసినవాళ్లను అడిగితే, సీడీ డ్రైవ్ దానంతటది పాత నెమ్మది పద్ధతిలోకి జారిపోయి ఉంటుందని, సెట్టింగుల్లో ఆ డ్రైవ్ పేరు తీసేసి కంప్యూటర్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే సరిపోతుందని చెప్పారు. చేశాను. కొత్త సీడీ నీళ్లలా సాఫీగా పాడింది. నాయనది మాత్రం తెగుతూనే ఉంది. అప్పుడు దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. మెరిసే వైపంతా గుండ్రంగా, చక్రాలు చక్రాలుగా గీతలు.

"ఏందిమా ఇది?" అన్నాను.

"దసరాకు పసుపు కుంకుమ పెట్టినా" అంది అమ్మ. "మండీలో తక్కెడకు పెడతాం, తూకం రాళ్లకు పెడతాం. మీ నాయన ఆయుధం ఇదే కదా."

"ఏ పక్క పెట్టినావు?"

"మెరిసే పక్క. దాని మొగం అదే కదా. మళ్ల బొట్లు ఎండిపోతే చింతపండేసి పీచుతో తోమినా, దేవుని సామాను తోమినట్టు. శానా తెల్లగా వచ్చింది."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరైనా సీడీని ఇత్తడి చెంబులా తోముతారా అన్నాను. పసుపు అమ్మి బతికిన ఇంట్లో పసుపు కీడు చేస్తుందని ఎవరనుకుంటారు? అది నాకు తట్టలేదు. అమ్మ "నా చేత్తోనే చేసుకున్నానా" అని చేతులు చూసుకుంది. నాయన మంచంకోడు మీద టక్కున కొట్టి, నన్ను నోరు మూయమని సైగ చేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మొదలుపెట్టాను. నాయన పాత పంచె మెత్తటి ముక్క చించి, కొంచెం పళ్లపేస్టు అద్ది రుద్దాను. గుండ్రంగా కాదు, నడిమి నుంచి అంచుకు నిలువుగా. కాపీ వేగం అన్నిటికన్నా తక్కువకు దించాను. తప్పులు సరిచేసుకుంటూ చదవమనే గడిలో టిక్కు పెట్టాను. మధ్యలో కరెంటు పోతే అంతా మొదటికి వచ్చేది. అమ్మ పొయ్యి మీది పాలను కాచుకున్నట్టు ఆ తెర ముందు కూర్చునేది.

చివరికి ఒక సాయంత్రం కాపీ ముగిసింది. పెట్టాను. పద్యం పారింది. ఇంత గొంతు మా ఇంట్లో తిరిగిందా అనిపించింది. అమ్మ చాట పక్కన పెట్టి అట్లాగే కూర్చుండిపోయింది. నాయన లేచి కూర్చొని మంచంకోడు మీద వేలితో తాళం వేస్తున్నాడు. ఆఖరి పాదంలో రాగం పైకి ఎక్కుతుండగా తెగింది. ఎంత రుద్దినా ఆ ఒక్కచోట మాత్రం సీడీ కోలుకోలేదు. స్పీకర్లలో ఏమీ లేదు.

నాయన వేలు ఆగలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. మెడ మీది గుడ్డ పొంగుతూ, అణుగుతూ, అందులోంచి ఉస్సుమని ఊపిరి రాగం ఎంత పొడుగో అంత పొడుగూ వచ్చింది. తర్వాత స్పీకర్లో గొంతు మళ్లీ అందుకుంది. ఇద్దరూ ఒకేచోట ముగించారు.

అమ్మ ఆయన వైపే చూస్తోంది. "బాగుండాది" అంది. ఆయన తలదించుకున్నాడు. భార్య మెచ్చుకోవడం ఆయన వినడం అదే మొదలు.

మరుసటి వానలకు నాయన పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం అమ్మ కంప్యూటర్ దగ్గరికి వచ్చి కూర్చుంది. నేను పద్యం మొదటి నుంచి పెట్టబోయాను.

"అంతా వద్దు మే. ఆ తెగే చోటు పెట్టు."

పెట్టాను. స్పీకర్లలో ఏమీ లేదు. అమ్మ కళ్లు మూసుకొని, వేలితో బల్ల మీద తాళం వేస్తూ వింది. గొంతు మళ్లీ అందుకోగానే చెయ్యి ఎత్తి ఆపమంది.

"ఇంగొకతూరి" అంది.