తాబేలుకు నీళ్లు

శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ యంత్రం బాగుచేయడానికి విశాఖ నుంచి వెళ్లి, మూడు రోజులు సరిగా నిద్ర లేకుండా పనిచేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం సత్యవేడు బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డాను. కాళ్ల నిండా బురద అంటిన ఒకామె వచ్చి పక్కన కూర్చుని, గోనెసంచి కింద పెట్టుకుంది. కాసేపటికి ఆ సంచి కదిలింది.

"ఏముందమ్మా అందులో?"

"తాబేలప్పా. కూరకి."

ఊరుకుందామనుకుని ఊరుకోలేకపోయాను. "వాటిని పట్టకూడదు కదా, కేసవుతుంది."

ఆమెకు కోపం రాలేదు. కోప్పడే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. "చెరువు ఎండిపోయుండాదప్పా. బురదలో ఉండేవాటిని కుక్కలు పీక్కుతింటా ఉండాయి. కుక్కల మింద కేసు పెడతారా?"

"నీళ్లున్న చోట వదిలేయొచ్చు కదా?"

"యాడుండాయి నీళ్లు? నువ్వే సెప్పు."

కిటికీలోంచి చూశాను. కనిపించినంత మేరా నెర్రెలిచ్చిన నేలే.

ఆమె నా చేతిలో సీసా చూసింది. "రోంత నీళ్లియ్యప్పా. దాహంతో ఉండేదాన్ని కోస్తే పాపం."

సగం మిగిలిన సీసా ఇచ్చాను. తను గుక్కెడైనా తాగకుండా అన్నీ సంచి మీద పోసింది. లోపల గోళ్లతో గీరుతున్న చప్పుడు వినిపించింది.

తన ఊరు రాగానే సంచి భుజానికెత్తుకుని, "నీళ్లిచ్చినావు. నీకూ పున్నెమొస్తాదిలే" అని దిగిపోయింది.

ఖాళీ సీసా పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు కేసంటూ పెడితే, అందులో నా పేరు కూడా రాయాలి.