నూట ఇరవై ఏడు పళ్ళ చక్రం

ఆ షెడ్డులో అందరూ ఆమెను నిదానం అంటారు. అక్క పెళ్ళయ్యాక, బావ పెట్టిన గేర్ల కార్ఖానాలో డ్రిల్లు పట్టుకుని పనిలో దిగింది. పళ్ళు కోసే మిల్లింగ్ మెషీను దాకా రావడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ మెషీనే చేజారిపోయేలా ఉంది.

అంతా ఒక చక్రం వల్ల వచ్చింది. అంగుళాల లేతు మీద మిల్లీమీటర్ల మరలు కోసుకోవాలి, నూట ఇరవై ఏడు పళ్ళ గేరు కావాలని ఒక ఖాతాదారు అడిగాడు.

"ఒకటి తగ్గించి కొట్టేద్దాం, ఎవడు లెక్కపెడతాడు?" అన్నాడు బావ.

"మర లెక్కపెడుతుంది బావా. అయిదంగుళాలకి సరిగ్గా అన్ని మిల్లీమీటర్లే," అంది నిదానం.

నూట ఇరవై ఏడు ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోదు. అరవై పళ్ళ గేరైతే ఇనప బిళ్ళ మీద సగానికీ పావుకీ గీతలు గీసుకోవచ్చు. కట్టరు ఆ గీత మీదికి సరిగ్గా వస్తే పని దారిలో ఉన్నట్టే. దీనికి అలాంటి మజిలీ లేదు. బిళ్ళను సమంగా తిప్పే చిల్లుల పలకలో దీనికి సరిపడే వరసా ఉండదు. పిడి తిప్పినప్పుడల్లా పలక కూడా కాస్త ఎదురు తిరిగేలా వెనక గేర్లు కట్టుకోవాలి.

మొదటి బిళ్ళకి ఆ గేర్లలో ఒకటి తక్కువ కట్టింది. పలక ఎదురు తిరగాల్సింది పోయి పిడి వెంటే తిరిగింది. చివరి పన్ను మొదటిదాని పక్కన కుదురుగా కూర్చునేసరికి పొంగిపోయింది. తీరా చూస్తే పళ్ళు నూట పదమూడే. ఖర్మకి అదీ ప్రధాన సంఖ్యే.

"ఇంకొక్క బిళ్ళే ఉంది," అన్నాడు బావ. "ఇదీ పోతే మళ్ళీ డ్రిల్లు దగ్గరికే, మరదలా. మీ అక్క అలిగినా సరే."

"అక్క అలగదు. నిన్ను వరండాలో పడుకోబెడుతుంది."

మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. "సగం అయిందా?"

"దీనికి సగం ఉండదు."

"సగం లేని పనేంటమ్మా. తిండికైనా ఆగుతావా?"

"ఇవాళ దానికీ ఆగను."

బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పిడి తిరుగుతోంది, కట్టరు దిగుతోంది, నల్లటి రజను రాలుతోంది. చివరి గాడి పడింది. దానికీ మొదటి గాడికీ నడుమ నిలిచిన పన్ను మిగతావాటి మందమే ఉంది.

ఈసారి నిదానం పొంగలేదు. చక్రం విప్పి, ఒక పన్నుకి వేలితో గుర్తుగా గ్రీజు రాసి, బావ చేతిలో పెట్టింది. "నువ్వు లెక్కపెట్టు."

బావ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక రెండోవైపు నుంచి మళ్ళీ మొదలెట్టాడు.

"నూట ఇరవై ఏడు," అన్నాడు. "ఎటు నుంచి చూసినా."

అప్పుడు నిదానం నేల మీదే చతికిలబడి, వీపు మెషీనుకి ఆనించి నవ్వింది. "రేపు ఆలస్యంగా వస్తా బావా."

"ఎప్పుడు తొందరగా వచ్చావు గనక? నీ మెషీను ఎవరూ ముట్టుకోరులే," అంటూ బావ చక్రాన్ని తన చొక్కాకే తుడిచాడు.